దారి లేని ఫాటక్

జామకాయ కొరికితే నాకు రైలు వినబడుతుంది. మా ఆయన సూరిబాబు దీన్ని చెవుల డాక్టరుకి చూపించాలంటాడు. కొరికేది పళ్ళతో కాబట్టి పళ్ళ డాక్టరుకి చూపించాలని నేనంటాను. ఈ వాదన తేలక ఏ డాక్టరు దగ్గరికీ వెళ్ళకుండానే ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చాం. ఇవాళ పొద్దున కూడా అదే జరిగింది. వీధిలోకి తోపుడుబండి వచ్చింది. దోరగా ఉన్న కాయ ఒకటి ఏరుకుని, చెక్కలు కోసి, ఉప్పూ కారం అద్ది ఒక చెక్క కొరికాను. కరక్కుమంది. ఆ వెనకనే, ఎక్కడో వరిచేల అవతల, పట్టాల అతుకుల మీద చక్రాలు దొర్లుతున్న చప్పుడు. మొదట గాలిలో సన్నగా, తర్వాత నేలలోంచి అరికాళ్ళలోకి. కళ్ళు మూసుకున్నాను. పొలాల మీంచి తెల్లకొంగలు గుంపుగా లేచాయి. పిల్లలెవరో కంచె దగ్గరికి పరుగెత్తారు. నా కళ్ళు చూసి కారం ఘాటెక్కిందనుకుని మా ఆయన గ్లాసుతో నీళ్ళు తెచ్చిచ్చాడు. తాగాను. కారం కాదని చెప్పలేదు.

మీలో ఎవరూ పైడమ్మత్తను చూసి ఉండరు. చూసినా గుర్తుపెట్టుకునే మనిషి కాదు. పొట్టిగా, గుండ్రంగా, ముక్కుకి రెండువైపులా పుడకలతో, మా రైల్వే కాలనీలో ఏ కుళాయి దగ్గరైనా కనబడే విజయనగరం వైపు ఆడమనిషి. నాకు సొంత మేనత్తేం కాదు. మా నాన్న ఆవిడను అప్పా, అంటే అక్కా అని పిలిచేవాడు, అందుకని నాకు అత్తయింది. రాయపూర్ నుంచి మందిర్ హసౌద్ వైపు పోయే పాత రోడ్డునీ, మన ఆంధ్రా వైపు పోయే రైలు పట్టాలనీ ఒకదాన్నొకటి దాటించే రైల్వే గేటు దగ్గర ఆవిడకో తోటుండేది. ఇక్కడి హిందీలో గేటుని ఫాటక్ అంటారు. అందుకని అది ఫాటక్ తోట. అక్కడ చూడదగ్గది ఏముందని అడిగితే నేను నీళ్ళు నమలాల్సిందే. జామచెట్లు, వేపకొమ్మలకి కట్టిన ఉయ్యాలలు, బాతులు ఈదే ఒక గుంట, పెంకుల పాక కింద చేగోడీలూ పాకుండలూ అమ్మే కొట్టు. ఆ పైన రైలు. అయినా ఆదివారం వచ్చిందంటే మా కాలనీలో సగం ఇళ్ళకి తాళాలు పడేవి. టిఫిన్ క్యారియర్లూ, చాపలూ, చంకపిల్లలూ అన్నీ అక్కడే తేలేవి.

ఆ తోట ఎలా పుట్టిందో నాకు పైడమ్మత్త చెప్పినట్టుగానే చెబుతాను. మధ్యప్రదేశ్ అన్న పేరు ఇంకా కొత్తగా, నోటికి పట్టని రోజులట. ఆవిడ భర్త సన్యాసి ఆ గేటుకి కాపలాదారుగా వచ్చాడు. చుట్టూ వరిపొలాలు, మధ్యలో ఒక గది ఇల్లు, పలకరించడానికి కొంగలు. గూడ్సు బండి వస్తోందని ఫాటక్ వేస్తే, అది ఎప్పుడొస్తుందో దానికే తెలియదు. ఇటువైపు ఎడ్లబళ్ళు, అటువైపు బస్సు, నడిమధ్య ఎండ. మనిషికి కోపం రావడానికి సరిపడేంతసేపు ఆగాలి, ఆ కోపం చల్లారేలోగా ఫాటక్ తెరుచుకునేది. ఆగినవాళ్ళు గేటుమనిషిని నీళ్ళడిగేవారు. ఆయన ఇంట్లో అడగండనేవాడు. ఆవిడ గుమ్మంలో కుండ పెట్టింది. నీళ్ళు తాగినవాళ్ళు తినడానికేమన్నా ఉందా అన్నారు. పుట్టింటి నుంచి తడిగుడ్డలో చుట్టి రైల్లో తెచ్చుకున్న జామ అంట్లు అప్పటికి కాపుకొచ్చాయి. ఒకసారి బస్సులో ఎవరిదో చంటిది ఎక్కిళ్ళు పెట్టి ఏడుస్తుంటే, పాత చీర వేపకొమ్మకి కట్టి ఊపింది. పిల్ల ఊరుకుంది. ఫాటక్ తెరిచారు, బస్సు హారన్ కొట్టింది, పిల్ల దిగనంది. మా తోటకి శంకుస్థాపన చేసింది ఆ పిల్లే. ఇప్పుడెక్కడో ముగ్గురు పిల్లల తల్లయి ఉంటుంది, ఈ సంగతి దానికి తెలియదు.

తర్వాత సన్యాసి మామ జ్వరం వచ్చి పోయాడు. గేటు ఇల్లు ఇంకో గేటుమనిషికి ఇచ్చారు. అందరూ ఊరెళ్ళిపొమ్మన్నారు. పైడమ్మత్త పట్టాలు దిగి, కంచె ఇవతల, బిసాహిన్ అనే రైతు ఆడమనిషి పొలం గట్టున చిన్న ముక్క కొనుక్కుని పాక వేసుకుంది. బిసాహిన్ ఛత్తీస్‌గఢీ తప్ప ఇంకో ముక్క మాట్లాడదు, పైడమ్మత్త తెలుగు తప్ప ఇంకోటి సరిగా మాట్లాడదు. ఇద్దరూ కలిసి కొట్టు నడిపారు. ఒకరు చేగోడీలు వేయించేవారు, ఇంకొకరు శనగపిండితో ఇక్కడివాళ్ళు చేసుకునే ఠేఠ్రీలు వేయించేవారు. ఒకే మూకుడు, ఒకే నూనె, రెండు భాషలు. పోట్లాట కూడా రెండు భాషల్లోనే, అందుకని ఎవరు నెగ్గారో ఎప్పుడూ తేలేది కాదు.

ఆ తోటకి పేరు తెచ్చింది మాత్రం ఒక అరుపు. ఆవిడ కొత్తగా వచ్చిన రోజుల్లో, మాట్లాడే తోడులేక గోడతో మాట్లాడుతున్న రోజుల్లో, ఓ పొద్దుటి పూట మన వైపు పోయే పాసింజరు బండి ఫాటక్ దాటుతోందట. కిటికీల్లో తలలు. ఆ తలల నూనెవాసన కూడా మనదే అనిపించిందట. ఏమైందో ఏమో, గుమ్మంలోంచి పరుగెత్తుకొచ్చి, "అందరూ బాగున్నారా?" అని అరిచింది. బండి పోతూనే ఉంది. చివరి పెట్టెల్లోంచి ఎవరిదో గొంతు, "బాగున్నాం!" అంది. అంతే. ఆ రోజు ఆవిడ రెండుపూటలా అన్నం తిన్నదట. అప్పట్నుంచి ఆ బండి వచ్చినప్పుడల్లా అరిచేది. తోటకి పిల్లలు రావడం మొదలయ్యాక వాళ్ళూ కంచె వెంబడి వరసకట్టి అరిచేవారు. మా కాలనీ పిల్లలు, బిసాహిన్ ఊరి పిల్లలు, తెలుగంటే ఏమిటో తెలియని సేఠుల పిల్లలు, అందరూ ఒకే గొంతుతో "బాగున్నారా?" అంటుంటే బండి కిటికీలన్నీ చేతులైపోయేవి. నేను చూసిన రోజుల్లో అప్పుడే బొగ్గు ఇంజన్లు పోయి డీజిలు వస్తోంది. పొగమంచు పొద్దుల్లో రైలు సగమే కనబడేది. మంచులోంచి చేతులు మాత్రం వచ్చి, ఊగి, మళ్ళీ మంచులో కలిసిపోయేవి. కలలో ఎవరో పలకరించి వెళ్ళినట్టుండేది.

ఇక నా సంగతి. ఎనిమిదో తరగతిలో నేను బడిని వదిలేశానని ఇంట్లో అంటారు, బడే నన్ను వదిలించుకుందని నేనంటాను. కుట్టుపని నేర్పే ఆవిడ నడక అనుకరించానని ఆవిడ పంపేసింది. నర్సమ్మగారి దగ్గర ఆయాగా చేరితే, ఇంజక్షన్‌కి వచ్చినవాళ్ళని నవ్విస్తున్నాను, సూది వంకర పోతోందని ఆవిడా పంపేసింది. ఆఖరికి మా నాన్న నన్ను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని ఫాటక్ తోటకి తీసుకెళ్ళాడు.

"అప్పా, దీనికి చేతులకన్నా నోరెక్కువ పనిచేస్తంది. నీ దగ్గరుంచుకుంటావేటి?" అన్నాడు.

పైడమ్మత్త మూకుడులోంచి తలెత్తకుండా, "సేతులు నాకున్నాయి, బిసాహిన్‌కున్నాయి. నోరున్న మనిసే లేదు. ఫాటక్ పడినప్పుడు ఆ రోడ్డు మీద ఒకటే తిట్లు. ఆళ్ళతోటి మాటాడ్డానికి ఓ మనిసి కావాల," అంది. అప్పుడు నన్ను చూసింది. "ఒలే మంగీ, ఎండలో నిలబడి కోపంగా ఉన్నోడిని నవ్వించగలవేటి?"

"మా నాన్నని రోజూ నవ్విస్తున్నాను కదత్తా," అన్నాను. మా నాన్న నవ్వలేదు. ఆవిడ నవ్వింది. ఉద్యోగం వచ్చేసింది.

చేరిన కొత్తలో ఓ మధ్యాహ్నం బస్సు ఆగింది. అందులోంచి మా కాలనీవైపు గుమాస్తా ఒకాయన దిగాడు, బాగా భారీ మనిషి. నేను ఊరుకోవచ్చు కదా. "బాబుగారు దిగ్గానే బస్సు జానెడు పైకి లేచిందర్రా!" అన్నాను. ఆగినవాళ్ళంతా పగలబడి నవ్వారు. గర్వంగా పాకలోకి వచ్చాను.

"ఆ బాబు నవ్వేడేటి?" అంది పైడమ్మత్త.

"అందరూ నవ్వారత్తా."

"అందరి సంగతి నానడగలేదు. ఆ బాబు నవ్వేడా లేదా?"

చూశాను. ఆయన వేపచెట్టు వెనక్కి వెళ్ళి గొడుగు వేసుకుని నిలబడ్డాడు. నీడలో గొడుగెందుకో అప్పుడు నాకూ అర్థమైంది. పైడమ్మత్త దోరకాయ ఒకటి కోసి, కారం అద్ది, నా చేతిలో పెట్టింది. "ఎల్లు. ముందు బాగున్నారా అని అడుగు. ఆ మనిసి సెప్పింది ఇను. ఆ తరవాత ఏ ఎటకారమైనా ఆడుకో, నానడ్డం రాను." వెళ్ళి అడిగాను. ఆయన మొదట నా వంక అనుమానంగా చూశాడు. తర్వాత కూతురికి నెలలు నిండాయనీ, మహాసముంద్ వెళ్తున్నాననీ, రాత్రంతా నిద్రలేదనీ చెప్పాడు. వింటూ నిలబడ్డాను. జామచెక్క అయిపోయేసరికి ఆయనే, "చూడమ్మా, దిగితే బస్సు లేచింది సరే, మళ్ళీ ఎక్కితే రోడ్డు కుంగుతుందేమో ఆ గేటాయన్ని అడిగి చెప్పు," అన్నాడు. అందరికన్నా గట్టిగా ఆయనే నవ్వాడు. ఆ నవ్వుకీ, అంతకుముందు నేను సంపాదించిన నవ్వుకీ ఉన్న తేడా నాకు ఏ బడీ చెప్పలేదు. చెప్పినా ఆ రోజు నేను బడికి వెళ్ళి ఉండను.

అలా ఏళ్ళు గడిచాయి. నాకు పెళ్ళయింది. సూరిబాబుని కూడా ఫాటక్ దగ్గరే పట్టాను, లూనా మీద వచ్చి ఆగాడు పాపం. పెళ్ళయినా పని మానలేదు. గేటు వేస్తే గుంపు, తీస్తే ఖాళీ, మళ్ళీ వేస్తే గుంపు. ఊపిరి పీల్చి వదిలినట్టు తోట నిండేది, ఖాళీ అయ్యేది. మధ్యలో గాలి ఆగిపోయిన మధ్యాహ్నాలుండేవి. బాతులు కూడా గుంటలో కదలకుండా నిలబడేవి. బిసాహిన్ గోడకానుకుని కునుకు తీసేది. పైడమ్మత్త పట్టాల మీద ఎండమావి చూస్తూ కూర్చునేది. ఓసారి అడిగాను, "అత్తా, రోజూ అరుస్తావు, ఆ రైల్లో నీకెవరున్నారు?"

"తెలిస్తే అరవడమెందుకే, దిగమనేదాన్ని కదా."

"పోనీ నువ్వే ఓసారి ఎక్కి ఊరెళ్ళి రారాదా?"

"నానెల్లిపోతే ఇక్కడ అడిగేదెవరే?" అని, పట్టాల వంక చూసి, "పోయాక ఎక్కించండి. అప్పుడైతే టిక్కెట్టు కూడా అక్కర్లేదు," అంది. ఇద్దరం నవ్వుకున్నాం. అప్పట్లో చావు మా ఇద్దరికీ పక్కూరి బంధువులాంటిది, ఉందని తెలుసు, వస్తుందనుకోలేదు.

తర్వాత రోడ్డు వెడల్పయింది. సిల్తారా వైపు ఫ్యాక్టరీలు లేస్తున్నాయి, లారీలు ఎక్కువయ్యాయి. ఫాటక్ పడితే లారీల వరస కనుచూపుమేర ఉండేది. ఓ పొద్దున కొలతల టేపులతో మనుషులొచ్చారు, జామకాయలు తిన్నారు, పట్టాల మీదుగా పైనుంచి బ్రిడ్జి వస్తుందని చెప్పి వెళ్ళారు. అది పూర్తికాగానే ఫాటక్ తీసేస్తారట. కొన్నాళ్ళకి పొలాల్లో లావాటి స్తంభాలు లేచాయి. "కాళ్ళొచ్చేశాయి, ఏనుగింకా రాలేదు," అన్నాను. ఎవరూ నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు. మా తోట బతికిందే మూసిన ఫాటక్ మీద. ఆగాల్సి వచ్చి ఆగిన మనుషులతోనే అది నిండింది. ఆగక్కర్లేకపోతే?

"బ్రిడ్జి రావాలే," అంది పైడమ్మత్త. "పురుటినొప్పుల మనిసి బండిలో పడుకుని ఈ ఫాటక్ కాడ ఎంత కేకలెట్టిందో నాను సూసినాను. మన సేగోడీల కోసం ఆ తల్లి ఆగాలంటానేటి?"

"మరి మన సంగతి?"

సాయంత్రం ఉయ్యాలల తాళ్ళు విప్పి లోపల పెడుతూ, తనలో తను అనుకుంటున్నట్టు, "ఆగక్కర్లేని మనిసి ఎందుకాగుతాడు," అంది. అప్పటికి ఆవిడకి ఆ తోట తప్ప ఇంకేం లేదు. పుట్టింట్లో అన్నదమ్ములు పోయారు. పిల్లల్లేరు. ఆ కంచె దగ్గర అరిచే పిల్లలే పిల్లలు, ఆ కిటికీల్లో ఊగే చేతులే చుట్టాలు.

బ్రిడ్జి తెరిచారు. ఫాటక్ కమ్మీలు ఊడదీసి పట్టుకుపోయారు. పాత రోడ్డుకి అడ్డంగా రైలు దుంగలు నిలువునా పాతేశారు. కొత్త గేటుమనిషికి వేరేచోట పనిచ్చారు, అతను వెళ్తూ వెళ్తూ గుమ్మంలో కుండని మాకిచ్చిపోయాడు. మా రోడ్డు ఉన్నట్టుండి ఎటూ పోని రోడ్డయింది. మొదటి ఆదివారం మూకుడు ఎప్పట్లాగే పొయ్యి మీద పెట్టాం. నెత్తిమీద బ్రిడ్జి పైనుంచి బస్సులూ లారీలూ స్కూటర్లూ పోతున్న మోత. కిందికి ఎవరూ రాలేదు. వచ్చిన ఒకే ఒక్క అతిథి బిసాహిన్ వాళ్ళ మేక. అది కూడా ఉయ్యాల ఎక్కకుండా ఆకులు తిని వెళ్ళిపోయింది.

పొద్దుటి పాసింజరు వేళయింది. చేలమీంచి కొంగలు లేచాయి. బిసాహిన్ పాకలోంచి తొంగిచూసి, "దీదీ, ఆ గే తోర్ రేల్," అంది. నీ రైలొచ్చిందని. పైడమ్మత్త మంచం మీంచి లేవలేదు. కొంగు నోటికడ్డం పెట్టుకుని అలాగే కూర్చుంది. నేనైనా అరుద్దామంటే, ఇన్నేళ్ళు వాగిన నోట్లో తడి లేదు. రైలొచ్చింది. ఒక్కో పెట్టే దాటుతోంది. కిటికీల్లో తలలున్నాయి, చేతులు లేవు. ఆ నిశ్శబ్దంలో చక్రాల చప్పుడు ఎంత పెద్దదో నాకప్పుడే తెలిసింది. సగం బండి దాటాక, తలుపు దగ్గర వేలాడుతున్న పల్లీలమ్మేవాడో, లేక రోజూ పోయే ప్రయాణికుడెవరో, ఎవరో నాకిప్పటికీ తెలియదు, మా పాకవైపు తిరిగి గొంతు చించుకుని అరిచాడు.

"అమ్మా! బాగున్నారా?"

పైడమ్మత్త లేచింది. లేవడం కాదు, ఎవరో లేపినట్టు లేచింది. చెప్పుల్లేకుండా కంచె దాకా పరుగెత్తింది. ఆఖరిదైన గార్డుపెట్టె దాటుతోంది. "బాగున్నాం! బాగున్నాం నాయనా! బాగున్నాం!" అని అరిచింది. గార్డు పచ్చజెండా ఊపాడో, చెయ్యే ఊపాడో, దూరమైపోయాడు. ఆవిడ కంచె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నాకప్పుడు తట్టింది. ఇన్నేళ్ళలో ఆవిడ అడగడమే చూశాను. ఆవిడని ఒక్కరూ అడగలేదు, నేను కూడా.

వెనక్కి తిరిగి వచ్చేసరికి ఆవిడ మొహం మారిపోయింది. "మంగీ, మీ ఆయనకి సెప్పు. పొడుగాటి ఎదురుబొంగొకటి కావాల. ఎరుపూ తెలుపూ రంగులు కావాల."

"ఎందుకత్తా?"

"ఫాటక్ ఏత్తాం."

"ఎక్కడ?"

"మన తోటలోనే. ఉయ్యాలల కాడికీ కొట్టుకీ మధ్యన."

"అత్తా, అక్కడ రోడ్డు లేదు, పట్టాలూ లేవు. దారి లేని ఫాటక్ ఏమిటే తల్లీ!"

"మనుసులున్నారు కదే," అంది.

సూరిబాబు వెదురుబొంగుకి చారలు వేశాడు. ఒక చివర బరువు కోసం, పగిలిపోయిన రుబ్బురోలు పొత్రం తాడుతో వేలాడదీశాం. రైలు కూత వినబడగానే బిసాహిన్ పళ్ళెం మీద గరిటెతో కొట్టేది. పైడమ్మత్త దర్జాగా వచ్చి బొంగు దించేది. ఇక తోటలో ఎవరూ ఎటూ కదలకూడదు. ఉయ్యాల ఎక్కబోయేవాళ్ళు ఉయ్యాల దగ్గరే, కొనుక్కోబోయేవాళ్ళు కొట్టు దగ్గరే, ఇంటికి పోయేవాళ్ళు చెప్పుల దగ్గరే ఆగాలి. రైలు వచ్చి, అడిగి, అడిగించుకుని, గార్డుపెట్టె దాటేదాకా బొంగు లేవదు. పిల్లలు కంచె దాటి పట్టాల వైపు పోకుండా కాపలా కూడా అదే. బిసాహిన్ ఊరివాళ్ళు కొన్నాళ్ళు పడీపడీ నవ్వారు. నాకు మాత్రం అలాంటి సరుకు దొరకడం అదృష్టం. బ్రిడ్జి మొదట్లో పాత రోడ్డు చీలే చోట నిలబడి, నెమ్మదిగా వచ్చే స్కూటర్లని ఆపేదాన్ని. "ఆగండాగండి, ఫాటక్ పడింది."

"ఏం ఫాటక్? పైన బ్రిడ్జి ఉందిగా!"

"బ్రిడ్జి మీంచి రైలు నెత్తే కనబడుతుందండి. మా దగ్గరైతే మొహం చూపిస్తాం. ముందు చెప్పండి, బాగున్నారా?"

పదిమందిలో తొమ్మిదిమంది తిట్టుకుంటూ పోయేవారు. ఆ మిగిలిన ఒక్కరి వెనక సీట్లో పిల్లలుండేవారు. అలా దిగివచ్చిన ఒకాయన చేగోడీల పొట్లం కట్టించుకుని బయల్దేరేసరికి పళ్ళెం మోగింది, బొంగు దిగింది. "అమ్మా, జల్దీ ఉంది నాకు. రైలు అటు పోతోంది, నేను ఇటు పోతున్నాను. నన్నెందుకు ఆపడం?" అన్నాడు. పైడమ్మత్త బొంగు మీద చెయ్యివేసి, "నివ్వెల్లిపోతే దాన్నెవరు సూత్తారు నాయనా?" అంది. ఈలోగా ఆయన కూతురు కంచె దగ్గర మిగతా పిల్లల పక్కన చేరి అరుస్తోంది. రైల్లోంచి జవాబొచ్చింది. ఆ పిల్ల వెనక్కి తిరిగి, "పప్పా, బాగున్నారట!" అంది, సొంత మేనమామ కబురు తెచ్చినట్టు. మరుసటి ఆదివారం ఆయన ఇంకో రెండు కుటుంబాలతో వచ్చాడు. జల్దీ లేదు.

తోట మళ్ళీ నిండింది, వెనకటంత కాదు గాని, నిండింది. తేడా ఏమిటంటే, ఇదివరకు ఆగక తప్పక ఆగినవాళ్ళు, ఇప్పుడు ఆగడానికే వచ్చేవాళ్ళు. వారమంతా ఎక్కడా నిలవని మనుషులు, దారి లేని చోట ఒక వెదురుబొంగు ముందు చేతులు కట్టుకుని నిలబడేవారు. పక్కవాళ్ళ పేర్లడిగేవారు. ఒకరి పిల్లలకి ఇంకొకరు జామచెక్కలు పెట్టేవారు. పొగమంచు రోజుల్లో బొంగు మీద నీటిబొట్లు వరసగా వేలాడేవి. రైలు దగ్గరకొస్తుంటే అవి సన్నగా వణికి, ఒక్కొక్కటే రాలేవి.

పైడమ్మత్త ఓ మామూలు పొద్దున, ఉయ్యాలల తాళ్ళు కట్టించి, కాసేపు నడుం వాలుస్తానని మంచమెక్కి, అలాగే వెళ్ళిపోయింది. అస్థికలు రాజిమ్‌ రేవులో కలిపితే చాలు, దగ్గర, అన్నారు కాలనీ పెద్దలు. నేనొప్పుకోలేదు. ఆవిడని రైలెక్కించాలి. సముద్రం దాకా తీసుకెళ్తామన్నాను. సూరిబాబు నావంక చూసి, సంచీ సర్దాడు.

చిన్నప్పుడు అమ్మ ఒళ్ళో ఎప్పుడో ఎక్కానట గానీ, ఊహ తెలిశాక ఆ పాసింజరు ఎక్కడం అదే. కిటికీ పక్కన కూర్చున్నాను. ఎర్రగుడ్డ కట్టిన చిన్న కుండ ఒళ్ళో ఉంది. రాయపూర్ ఇళ్ళు వెనకబడ్డాయి. పొలాలొచ్చాయి. నెత్తిమీదుగా బ్రిడ్జి నీడ ఒక్కసారి పెట్టెలోకి వచ్చి పోయింది. అప్పుడు కనబడింది మా తోట. రైల్లోంచి ఎంత చిన్నదో. అరచేతిలో పట్టేంత. చారల బొంగు దిగి ఉంది. దాని వెనక బిసాహిన్, పళ్ళెం చేత్తో పట్టుకుని, కొట్టడం మరిచిపోయి నిలబడి ఉంది. కంచె వెంబడి పిల్లలు. ఒక్కసారిగా గొంతులు లేచాయి. "బాగున్నారా?"

నాకెప్పుడూ జవాబు నాలిక చివరే ఉంటుంది. ఆ రోజు లేదు. తోట కిటికీలోంచి వెనక్కి జారిపోతోంది, ఇంకో క్షణముంటే పోతుంది. అడిగినవాళ్ళకి చెప్పకపోతే వాళ్ళు ఆ రోజంతా ఏమనుకుంటారు? కుండని రెండు చేతులా కిటికీ ఎత్తుకి లేపి, ఊచలకి మొహం ఆనించి అరిచాను. "బాగున్నాం!" నా గొంతు నాకే కొత్తగా ఉంది. వెనక్కి తిరిగి చూశాను. బిసాహిన్ పళ్ళెం ఎత్తి ఊపుతోంది. బొంగు ఇంకా లేవలేదు. గార్డుపెట్టె దాటాలిగా.

ఎదురు బల్ల మీద ముసలమ్మ ఒకావిడ నా మొహంలోకి చూసి, "అక్కడ మీవాళ్ళెవరున్నారమ్మా?" అంది.

"తెలియదండి," అన్నాను. "బాగున్నారా అని అడిగారు, చెప్పాను."

మొన్ననే మాకు ఛత్తీస్‌గఢ్ అని కొత్త రాష్ట్రం వచ్చింది. మా రాయపూర్ రాజధాని అయిందని వీధంతా టపాసులు కాల్చారు. మందిర్ హసౌద్ దాకా ఊరు పెరుగుతుందంటున్నారు. ఫాటక్ తోట ఇప్పుడు బిసాహిన్ కోడలు నడుపుతోంది. నా మోకాళ్ళు మొరాయించడంతో ఆదివారాలు తప్ప వెళ్ళలేకపోతున్నాను. ఎటకారం మాత్రం తగ్గలేదు. పాలవాడినీ, పక్కింటావిడనీ, మా ఆయన్నీ ఎవరినీ వదలను. కానీ ముందు అడుగుతాను, బాగున్నారా అని. అడిగి, వాళ్ళు చెప్పేదాకా ఆగుతాను. ఆ ఆగడం నాది కాదు, ఆవిడది. నా దగ్గర ఉంచి వెళ్ళింది.

జామచెక్క ఇంకా నోట్లోనే ఉంది. మా ఆయన గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు, ఇంకా నములుతున్నావేమిటని. చేత్తో ఆగమన్నాను. గార్డుపెట్టె దాటేదాకా నేను మింగను.